రాజు మారితే వీసా మారుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే దేశం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి, మిగతావాటిని వచ్చే సంచికకు ఉంచి, ఈసారి పేజీలన్నీ థాయ్‌లాండ్‌కే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: జూనియర్ కాలేజీలో లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాను. నాకు 61 ఏళ్లు, నా భార్యకు 57. మా అబ్బాయి బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2016 అక్టోబరులో, మేం అక్కడ ఉండగానే వాళ్ల రాజు భూమిబోల్ గారు కాలం చేశారు. ఊరు ఊరంతా ఏడవడం కళ్లారా చూశాం. ఆ దేశం మీద అప్పటినుంచి మాకొక అభిమానం. శేషజీవితం చియాంగ్ మాయ్‌లో గానీ, హువా హిన్‌లో గానీ గడుపుదామని ఇద్దరం అనుకుంటున్నాం. మా బావమరిది మాత్రం, "పాత రాజు దేవుడు, కొత్తాయన ఎవరికీ గిట్టడు, ఏదో ఒకరోజు అక్కడ తిరుగుబాటు వస్తుంది, ముసలితనంలో పరాయి దేశంలో ఇరుక్కుపోతారు" అంటున్నాడు. ఆయన మాట వినమంటారా? — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ బావమరిది గారు చెప్పినదాంట్లో సగం నిజముంది. తండ్రికి ఉన్న ఆదరణలో కొంతైనా కొడుక్కి దక్కలేదన్నది ఆ దేశంలో ఎవరూ పైకి అనని, అందరికీ తెలిసిన సంగతి. దానివల్ల రిటైరై అక్కడ కాపురముంటున్న విదేశీయులకు ముప్పు వచ్చిందా అంటే, 2016 నుంచి ఇప్పటిదాకా అలాంటిదేమీ కనిపించలేదు.

మీరు చూసిన దుఃఖంలో కొంత నేనూ చూశాను. అక్టోబరు 13న సిరిరాజ్ ఆసుపత్రిలో, 88వ ఏట, రాజు కన్నుమూసిన తర్వాత నెల తిరక్కముందే ఒక పనిమీద బ్యాంకాక్ వెళ్లాను. ప్రభుత్వోద్యోగులు ఏడాదిపాటు నల్లబట్టలే కట్టాలని ఉత్తర్వు వచ్చింది. మిగతా జనం ఉత్తర్వు లేకుండానే కట్టారు. బజార్లో నల్లచొక్కాలు దొరకడం గగనమై, వ్యాపారులు ధర పెంచకూడదని ప్రభుత్వం హెచ్చరించవలసి వచ్చింది. ఒక పేవ్‌మెంటు మీద గ్యాస్ పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద అల్యూమినియం గంగాళాల్లో నల్లరంగు మరిగిస్తూ, ఎవరు ఏ రంగు చొక్కా తెచ్చి ఇచ్చినా ఊరికే ముంచి ఇస్తున్నారు. ఒక ముసలమ్మ తెచ్చిన పూల జాకెట్టు కర్రకు తగిలి పైకి వచ్చినప్పుడు పువ్వులు ఇంకా లీలగా కనిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్లీ ముంచమంది. ఆ మనిషిని ఏ ప్రభుత్వమూ పంపలేదు. రాజుగారి పటం ప్రతి ఇంటా, ప్రతి దుకాణంలో డెబ్బై ఏళ్లు వేలాడటం వెనక చట్టమూ ప్రచారమూ రెండూ ఉన్నాయని నాకు తెలుసు. అయినా మెడలో కెమెరా, చేతిలో మ్యాపు పట్టుకుని కొండజాతుల పల్లెలకు కాలినడకన వెళ్లి చెరువులూ కాలువలూ వేయించిన మనిషి మీద జనానికి ఉన్న ప్రేమ అంతా కల్పితమని చెప్పడానికి నాకు మనసొప్పదు. ఏడాది పొడవునా రాజసౌధం ముందు వరుసలో నిలబడి ఆ శవపేటికకు నమస్కరించినవారి లెక్క కోటీ ఇరవై లక్షలు దాటింది.

ఇక మీ బావమరిది గారి భయం సంగతి. ఆ అక్టోబరులో రాజుగారి ఆరోగ్యం విషమించిందన్న వార్తకే అక్కడి షేర్ మార్కెట్ బెదిరి కిందపడింది. తీరా ఆయన పోయిన మర్నాడు పుంజుకుంది. అంటే మార్కెట్ భయపడింది వారసత్వం దగ్గర గొడవ వస్తుందేమోనని, రాలేదు. 1932లో నిరంకుశ రాచరికం పోయినప్పటినుంచి ఆ దేశంలో సైన్యం పన్నెండుసార్లు అధికారం చేజిక్కించుకుంది. వాటిలో 2006, 2014 కుట్రలు రెండూ అందరూ దేవుడనుకున్న రాజు ఉండగా జరిగినవే. రాజు మంచివాడైతే దేశం నిలకడగా ఉంటుందన్న లెక్క అక్కడ ఎప్పుడూ సరిపోలేదు.

రిటైరైనవాళ్ల కడుపులో చలి పుట్టించిన మార్పులు ఏవంటే, అవి ఏవీ రాజసౌధం నుంచి వచ్చినవి కావు. తమ పౌరుల ఆదాయాన్ని ధ్రువీకరిస్తూ ఇచ్చే పత్రాలను 2018 చివర, 2019 మొదట్లో బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా రాయబార కార్యాలయాలు ఆపేశాయి. దాంతో పింఛను కాగితం చూపించి వీసా పొడిగించుకునేవాళ్లు ఒక్కసారిగా బ్యాంకు పుస్తకాల వెంట పరుగెత్తారు. 2019లోనే, బ్యాంకులో చూపించిన డబ్బును వీసా పొడిగించిన మర్నాడే తీసేసుకునే అలవాటుకు ఇమ్మిగ్రేషన్ వారు అడ్డుకట్ట వేశారు. ఆ సంవత్సరమే ఒక తరగతి వీసాకు ఆరోగ్య బీమా తప్పనిసరి చేశారు. 2024 జనవరి 1 నుంచి బయటి దేశంలో సంపాదించి థాయ్‌లాండ్‌కు తెచ్చుకునే డబ్బు మీద పన్ను నిబంధన బిగించారు. పట్టాభిషేకాలు చూసి కాదు, ఇలాంటి సర్క్యులర్లు చూసి నిర్ణయం తీసుకోండి.

ప్రశ్న: కొత్త రాజు అంటే జనానికి ఎందుకు పడదు? అందరూ మెచ్చే అక్కగారో చెల్లెలుగారో ఉన్నారని చదివాను. ఆవిడకు ఎందుకు ఇవ్వలేదు? — ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు చదివింది చెల్లెలు సిరింధోర్న్ గారి గురించి. ముందు పేర్ల సంగతి ఒక్క మాట, ఎందుకంటే అవి మన చెవికి సులభంగా పడతాయి. భూమిబోల్ అదుల్యదేజ్ అంటే భూమిబల అతుల్యతేజ. కొడుకు వజిరలాంగ్‌కార్న్ పేరులో ఉన్నవి వజ్రమూ అలంకరణమూ. 1782లో మొదలైన చక్రీ వంశంలో ప్రతి రాజుకూ రాముడి పేరు మీద ఒక సంఖ్య ఉంటుంది: తండ్రి తొమ్మిదో రాముడు, ఈయన పదో రాముడు. థాయ్ వాళ్లు పలికేటప్పుడు చివరి అక్షరాలను మింగేస్తారు కాబట్టి మనకు తెలియదు గానీ, రాతలో చూస్తే అచ్చంగా సంస్కృతమే.

వజిరలాంగ్‌కార్న్ 1952లో పుట్టారు. నలుగురు పిల్లల్లో ఒక్కడే మగబిడ్డ. 1972 డిసెంబరులో, ఇరవయ్యో ఏట, ఆయన్ను యువరాజుగా ప్రకటించారు. అప్పటినుంచి జనం నోట నలిగిన కథలు చాలా ఉన్నాయి. అందరికీ తెలిసినవి మాత్రం చెబుతాను. సింహాసనం ఎక్కేనాటికే ఆయనకు మూడు విడాకులు అయ్యాయి. మూడో భార్యకు 2014లో విడాకులిచ్చినప్పుడు, రాజకుటుంబం పేరు చెప్పుకుని అక్రమాలు చేశారన్న ఆరోపణ మీద ఆమె బంధువులను అరెస్టు చేసి, ఆమెకు ఇచ్చిన రాచబిరుదులను వెనక్కి తీసుకున్నారు. పెంపుడు కుక్కకు వైమానిక దళంలో ఎయిర్ చీఫ్ మార్షల్ హోదా ఇచ్చారన్నది ప్రపంచమంతా చెప్పుకున్న ముచ్చట. వీటన్నిటికంటే జనానికి ఎక్కువ కష్టం కలిగించింది వేరే ఉందని నేననుకుంటాను: ఆయన ఏడాదిలో ఎక్కువ భాగం జర్మనీలో, బవేరియా ప్రాంతంలో ఉండేవారు. తండ్రి పల్లెల్లో బురద తొక్కితే కొడుకు మ్యూనిక్‌లో ఉన్నాడన్న పోలిక ఎవరూ నోటితో చెప్పనక్కర్లేకుండా పడిపోయింది. మనమేమో వాళ్ల దేశంలో శేషజీవితం గడుపుదామని లెక్కలు వేసుకుంటుంటే, వాళ్ల రాజు జర్మనీలో ఇల్లు చూసుకోవడం నాకు ఎప్పుడూ కొంచెం నవ్వు తెప్పిస్తుంది.

సిరింధోర్న్ గారి కథ వేరు. చదువులో మొదటినుంచీ ముందున్న మనిషి. పాళీ, సంస్కృతాలు పట్టుదలగా చదువుకున్నారు. తండ్రి వెంట పల్లెలన్నీ తిరిగారు. మన ప్రభుత్వం 2017లో ఆమెకు పద్మభూషణ్ ఇచ్చింది. అయితే 1924 నాటి వారసత్వ శాసనం స్త్రీలను సింహాసనానికి దూరంగా ఉంచింది. 1974 రాజ్యాంగం ఆ తలుపు కొద్దిగా తెరిచింది గానీ, అది రాజు వారసుణ్ణి ప్రకటించకుండా పోయినప్పుడు మాత్రమే. భూమిబోల్ గారు 1972 నాటి ప్రకటనను చివరిదాకా మార్చలేదు కాబట్టి, 2016లో చట్టప్రకారం ప్రశ్నే లేదు.

అయినా తండ్రి పోయినప్పటినుంచి కొడుకు సింహాసనం స్వీకరించేదాకా, ఆ యాభై రోజులు దేశం ఊపిరి బిగబట్టింది. తండ్రి పోయిన రాత్రే, ప్రజలతోపాటు తానూ దుఃఖించడానికి కొంత సమయం కావాలని యువరాజు అడిగినట్లు ప్రధాని ప్రకటించారు. అప్పటికి 96 ఏళ్ల మాజీ ప్రధాని ప్రేమ్ తిన్సులనొండ తాత్కాలికంగా రాజప్రతినిధి అయ్యారు. డిసెంబరు 1న, యాభయ్యో రోజు పుణ్యకార్యాలు అయ్యాక, యువరాజు సింహాసనం స్వీకరించారు. పాలన మాత్రం తండ్రి పోయిన రోజు నుంచే మొదలైనట్లు రాసుకున్నారు. మరుసటి ఏడాది అక్టోబరు 26న, మేరు పర్వతాన్ని తలపించేలా యాభై మీటర్ల ఎత్తున కట్టిన చితిమండపంలో తండ్రికి దహనం జరిగింది. కొడుకు పట్టాభిషేకం 2019 మేలో.

ఆ తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే, ఆదరణ లేనివాడు బలహీనుడు అనుకోవడం పొరపాటని తెలుస్తుంది. తాను విదేశంలో ఉన్నప్పుడు రాజప్రతినిధిని నియమించనక్కర్లేని విధంగా 2017 రాజ్యాంగం ముసాయిదాను మార్పించారు. రాచరికపు ఆస్తులన్నీ 2018లో ఆయన పేరుమీదికి వచ్చాయి. 2019లో బ్యాంకాక్‌లోని రెండు పదాతి దళ రెజిమెంట్లు నేరుగా ఆయన ఆధీనంలోకి చేరాయి. 2020 ఆగస్టు 10న విద్యార్థులు తమ్మసాత్ విశ్వవిద్యాలయం మైదానంలో నిలబడి రాచరికాన్ని సంస్కరించాలని పది డిమాండ్లు చదివినప్పుడు, అలాంటి మాటలు బహిరంగంగా వినడం ఆ దేశంలో ఒక తరానికి కొత్త. ఆ యువకులు ఇప్పుడు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు, కొందరు జైల్లో ఉన్నారు. రాచరికాన్ని అవమానించడం గురించిన చట్టాన్ని సవరిస్తామని చెప్పి 2023 ఎన్నికల్లో అందరికంటే ఎక్కువ సీట్లు గెలిచిన పార్టీని 2024 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం రద్దు చేసింది.

ప్రశ్న: రాజు గురించి అక్కడ మాట్లాడితే జైలేనా? విదేశీయులకు మినహాయింపు ఉంటుందా? మేం వచ్చే ఏడాది వెళ్లి ఆరునెలలు ఉండి చూద్దామనుకుంటున్నాం. — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మినహాయింపు లేదు. వాళ్ల శిక్షాస్మృతిలో 112వ సెక్షన్ ప్రకారం రాజును, రాణిని, వారసుణ్ణి, రాజప్రతినిధిని అవమానించినా, నిందించినా, బెదిరించినా ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు. ఫిర్యాదు ఎవరైనా చేయవచ్చు. మీ పక్కింటాయనైనా సరే.

ఇది కొత్త రాజు తెచ్చిన చట్టం కాదు. ఎంతో ప్రేమించిన పాత రాజు కాలంలోనే, చియాంగ్ మాయ్‌లో కాపురముంటున్న ఒక స్విట్జర్లాండ్ దేశస్థుడు 2006 డిసెంబరు 5న, రాజుగారి పుట్టినరోజు నాడు, తాగిన మత్తులో ఆయన పటాల మీద రంగు చల్లినందుకు పదేళ్ల శిక్ష పడింది. రాజే క్షమాభిక్ష పెట్టాక అతణ్ణి దేశం నుంచి పంపేశారు. అదే రాజు అంతకు ఏడాది ముందు, తాను కూడా తప్పు చేయగలనని, తనను విమర్శించవచ్చునని పుట్టినరోజు ప్రసంగంలో అన్నారు! కొత్త రాజు వచ్చిన రెండు రోజులకే, ఆయన జీవితం గురించి బీబీసీ థాయ్ విభాగం రాసిన వ్యాసాన్ని ఫేస్‌బుక్‌లో పంచుకున్న ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని అరెస్టు చేశారు. ఆ వ్యాసాన్ని వేలమంది పంచుకున్నారు, కేసు పెట్టింది అతని మీదే, శిక్ష రెండున్నరేళ్లు. 2021 జనవరిలో ఒక మాజీ ప్రభుత్వోద్యోగినికి, రాచరికాన్ని విమర్శించే ఆడియోలు పంచుకున్నందుకు, నేరం ఒప్పుకున్నాక తగ్గించి మరీ 43 ఏళ్ల ఆరునెలలు వేశారు.

కాబట్టి ఆరునెలలైనా ఆరేళ్లైనా, అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ విషయం తెలుగులో కూడా వాట్సాప్ గ్రూపుల్లో మాట్లాడకండి. పైన హనుమకొండ పాఠకురాలికి ఇచ్చిన జవాబును ఫొటో తీసి అక్కడినుంచి ఎవరికీ పంపకండి. ఈ సంచికను ఇంట్లోనే వదిలి వెళ్లడం మంచిది. సినిమా హాల్లో బొమ్మ మొదలయ్యే ముందు రాజగీతం వేస్తారు. ఈమధ్య కొందరు కుర్రాళ్లు లేవడం మానేశారు గానీ మీరు లేచి నిలబడండి. 2018 ఏప్రిల్ నుంచి కొత్త రాజు బొమ్మ ఉన్న నోట్లు వచ్చాయి, పాతవీ చెల్లుతాయి కాబట్టి మీ పర్సులో తండ్రీకొడుకులిద్దరూ ఉంటారు. చిల్లర చేయి జారి దొర్లిపోతే మనం అలవాటుగా కాలితో ఆపుతాం; అక్కడ ఆ పని చేయకూడదు, పోతే పోనివ్వండి.

ప్రశ్న: రిటైర్‌మెంట్ వీసాకు ఎంత డబ్బు చూపించాలి? అక్కడ స్థలం కొనుక్కుని చిన్న ఇల్లు కట్టుకోవచ్చునా? — అదే రాజమహేంద్రవరం పాఠకుడు, ఉత్తరం రెండో పేజీలో

జవాబు: 50 ఏళ్లు నిండినవారు అర్హులు. థాయ్ బ్యాంకులో మీ సొంత పేరున 8 లక్షల బాట్లు, అంటే మారకం రేటును బట్టి మన డబ్బులో 20 లక్షలు, ఆ పైన, దరఖాస్తుకు రెండు నెలల ముందునుంచే ఉండాలి. పొడిగింపు వచ్చాక మూడు నెలలు దాన్ని కదపకూడదు. ఆ తర్వాత కూడా 4 లక్షలకు తగ్గకూడదు. లేదా నెలకు 65,000 బాట్ల ఆదాయం చూపించాలి. పొడిగింపు ఏడాదికే, ఏటా 1,900 బాట్లు కట్టి మళ్లీ వరుసలో కూర్చోవాలి. ప్రతి 90 రోజులకూ మీ చిరునామా తెలియజేయాలి. ఇక్కడినుంచే తీసుకెళ్లే ఓ–ఏ తరగతి వీసా అయితే ఆరోగ్య బీమా కూడా అడుగుతారు. అరవై దాటినవారికి ఆ ప్రీమియం చిన్నది కాదు. మీకు ఇక్కడున్న ఉద్యోగుల హెల్త్ కార్డు అక్కడి ఆసుపత్రిలో చెల్లదు.

చాలామంది పొరపాటుపడే చోటు ఒకటుంది. సంక్రాంతికో పెళ్లికో ఇక్కడికి వచ్చేటప్పుడు, బయల్దేరకముందే రీ–ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి: ఒక్కసారికి 1,000 బాట్లు, ఎన్నిసార్లయినా తిరగడానికి 3,800. అది లేకుండా విమానం ఎక్కితే మీ ఏడాది పొడిగింపు అక్కడికక్కడే రద్దవుతుంది.

స్థలం విదేశీయుల పేరున రాయరు. స్థానికుడి పేరున కొని కాగితం రాయించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మన అగ్రిమెంట్ల సంగతి మీకు తెలియనిది కాదు. అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనుక్కోవచ్చు, ఆ భవనం విస్తీర్ణంలో 49 శాతం వరకే విదేశీయులకు. డబ్బు బయటినుంచి విదేశీ కరెన్సీలో వచ్చినట్లు బ్యాంకు పత్రం ఉండాలి. నా సలహా, మొదటి రెండేళ్లు అద్దెకే ఉండండి. చియాంగ్ మాయ్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలూ అడవులూ తగలబెట్టిన పొగ కమ్ముకుంటుంది. ఆయాసం ఉన్నవాళ్లు ఆ నెలలు ఒకసారి గడిపి చూడకుండా ఇల్లు కొనకూడదు. హువా హిన్‌లో ఆ బాధ తక్కువ. సముద్రం ఒడ్డు, పైగా రాచకుటుంబం వేసవి విడిది ఉన్న ఊరు.

మన వైపు పనులు: డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చిన పరిమితి, దేశంలో నివసించేవారికి, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు, మీ అవసరానికి అది చాలా ఎక్కువ. అక్కడ స్థిరపడ్డాక ఇక్కడి ఖాతాలను ఎన్ఆర్ఓ ఖాతాలుగా, అంటే దేశంలో నివసించనివారి ఖాతాలుగా, మార్పించాలి. పింఛనుకు ఏటా ఇచ్చే జీవన ధ్రువపత్రాన్ని భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించుకోవచ్చు. ఏడాదిలో 180 రోజులు అక్కడ ఉంటే పన్నులెక్కలో మీరు అక్కడివారవుతారు; రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది కనుక, వెళ్లే ముందే ఆడిటరుతో ఒక పూట కూర్చోండి.

ప్రశ్న: మా వారు రాసిన ఉత్తరం కవరు అంటించే ముందు ఈ చీటీ పెడుతున్నాను. ఆయన అడగని సంగతి ఒకటుంది. అక్కడ ఇద్దరిలో ఒకరు పోతే రెండోవారి గతి ఏమిటి? — ఆయన భార్య

జవాబు: అమ్మా, ఈ నాలుగు ఉత్తరాల్లోనూ అసలు ప్రశ్న మీదే.

భర్త వీసా మీద ఆధారపడిన భార్యగా మీరు వెళితే విడిగా డబ్బు చూపించనక్కర్లేదు. అందుకే చాలామంది అలా వెళతారు. కానీ ఆయన లేకపోతే ఆ వీసాకు ఆధారం పోతుంది; దుఃఖంలో ఉన్న మనిషి ఇమ్మిగ్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. మీకూ 50 దాటింది కాబట్టి, వీలైతే మీ పేరున విడిగా 8 లక్షల బాట్లు వేసి, మీ వీసా మీరే తీసుకోండి. ఖాతాదారు పోయిన వెంటనే అక్కడి బ్యాంకు ఖాతా స్తంభిస్తుంది, వారసులు కోర్టు ఉత్తర్వు తెచ్చుకునేదాకా పైసా కదలదు. అందుచేత అక్కడి ఆస్తికి సరిపడా థాయ్ భాషలో ఒక వీలునామా ఇద్దరూ రాయించి పెట్టుకోండి.

దహనానికి ఇబ్బంది ఉండదు. బౌద్ధ ఆలయాల్లో, వాళ్లు వాట్ అంటారు, దహనశాల ఉంటుంది; మన మంత్రాలకు ఎవరూ అడ్డు చెప్పరు. మరణాన్ని మొదట అక్కడి జిల్లా కార్యాలయంలో, తర్వాత భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. అస్థికలను గోదావరికి తీసుకురావాలంటే మరణ ధ్రువపత్రం, దహనం చేసినట్లు ఆలయం ఇచ్చే పత్రం, రెంటికీ ఇంగ్లీషు అనువాదాలు చేతిసంచిలో ఉంచుకోవాలి. అస్థికల పాత్రను స్కానర్‌లో పెట్టమంటారు కాబట్టి, రాగిచెంబు కాకుండా చెక్కదో మట్టిదో తీసుకోవడం సులువు.